శబ్దప్రమాణము

మన పూర్వులగు నైయాయికులు యథార్థజ్ఞానమునకు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పి, అందు శబ్దమనగా ఆప్తవాక్యమనియు, ఆప్తుడనగా ఉన్నదున్నట్లు చెప్పువాడనియు నిర్వచించి, ఇక తమకు చేయవలసిన పని యేమియు మిగులలేదని నిశ్చింతగ కన్నుమూసిరి. "సర్వర్ డౌన్" అను వాక్యము వారి చెవిని పడియుండినచో ఆ నిర్వచనమును మఱియొకమారు దిద్దుకొని యుందురని నా నమ్మకము. ఏలయన, ఈ కాలమున బ్యాంకులోగాని, రిజిస్ట్రారు కార్యాలయములోగాని, రేషను దుకాణమువద్దగాని, అద్దపు కిటికీకి ఆవలనున్న వ్యక్తి ఆ రెండు మాటలను పలికిన తోడనే, వరుసలో నిలిచియున్న మనము ప్రత్యక్షమును కోరము, అనుమానమునకు పూనుకొనము, ఆ సర్వరు ఏ యూరిలో, ఏ గదిలో, ఏ కారణమున పడిపోయినదో విచారింపనైన విచారింపము; సంచి చంకకు తగిలించుకొని, మఱునాడు రావలెనని నిశ్చయించుకొని, మాఱుమాటాడక ఇంటిదారి పట్టుచున్నాము. మీమాంసకులు వేదవాక్యమునకైనను ఇంత సులభముగ తలయొగ్గినట్లు నేను చదువలేదు.

సామాన్యులు ఈ శబ్దప్రమాణమునకు కాలమును మాత్రమే చెల్లింతురు. వర్తకులు రొక్కము చెల్లింతురు. రాజమహేంద్రవరమున తాడితోటలో మా బావగారికి ఒక వస్త్రదుకాణము కలదు. ఆయన చీర చెఱగును బొటనవ్రేలి కొసతో తాకి జరీ అసలుదో నకిలీదో చెప్పగలరు. తానులో పావు అంగుళము తగ్గినను కొలబద్ద లేకయే కనిపెట్టగలరు. సూరత్ నుండి వచ్చిన దళారి ఆయనయెదుట కూర్చుండి రెండవసారి టీ త్రాగునప్పటికి మొదట చెప్పిన ధరను తానే తగ్గించుకొనును. ఇంతటి మహానుభావుడు, నెట్‌వర్కు పనులు చూచు కుర్రవాడు తెచ్చిన బిల్లు చేతికందగానే వ్రతకథ వినుచున్న ముత్తైదువవలె ముకుళితహస్తుడై పోయెడివాడు. రూటరు, స్విచ్చి, స్టాటిక్ ఐ.పి., డొమైను, హోస్టింగు, క్లౌడు, బ్యాకప్పు, ఫైర్‌వాలు, ఏ.ఎం.సి. అని అందు వరుసగ పద్దులుండును. ప్రతి పద్దునకు ఎదుట ఒక మొత్తముండును. అర్థము కానిది మాట మాత్రమే గనుక, మొత్తము స్పష్టముగనే యున్నది గనుక, స్పష్టముగ నున్నదానిని చెల్లించి, అస్పష్టమైనదానిని భగవంతునికి వదలివేయుట ఆయనకు పరిపాటి యయ్యెను. ఒకనాడు నన్ను పిలిచి, "నువ్వు పొద్దస్తమానం ఏవో పుస్తకాలు చదువుతావు గదా, ఈ మాటల సంగతేమిటో చూసిపెట్టు. వీటిలో ఒకటైనా మనుషులకు అవసరమైనదో కాదో తేల్చు" అని ఆజ్ఞాపించిరి. అక్కయ్య కాఫీ పంపెదనని మాట యిచ్చుటచే నేనందులకు అంగీకరించితిని.

మొదట సర్వరు విషయము. అది ఏదో విశేషజాతి యంత్రమనియు, నిలువెత్తు బీరువాలో నీలిదీపములతో హోరెత్తుచుండుననియు బావగారి యభిప్రాయము. అట్టివియు లేకపోలేదు. కాని అడిగినవారికి సమాధానము చెప్పుటకై ఎల్లవేళల మేలుకొనియుండు ఏ కంప్యూటరైనను సర్వరే; అడుగునది క్లయింటు. ఉన్నది ఉద్యోగభేదమే గాని జాతిభేదము కాదు. జెనీవా సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ వరల్డ్ వైడ్ వెబ్బును నిర్మించినపుడు, లోకమున మొట్టమొదటి వెబ్ సర్వరుగ పనిచేసినది ఆయన వాడుకొనుచుండిన నెక్స్ట్ కంప్యూటరే. తెలియనివారెవరైన దానిని ఆపివేసినచో అప్పటికి గల వెబ్బు యావత్తు ఒక్క మీటతో ఆరిపోవును గనుక, ఈ యంత్రము సర్వరు, దీనిని ఆపవలదని ఎఱ్ఱసిరాతో ఒక చీటి వ్రాసి దానికి అంటించిరి. అంతటి విశ్వవ్యాపి జాలమును ఒక కాగితపుముక్క కాపాడినది.

బావగారి దుకాణమున గాదెవంటి బిల్లింగు సర్వరు గల్లాబల్ల క్రిందనుండెడిది; దానికి చీటి లేదు. మధ్యాహ్నము భోజనాలవేళ దాటినపిమ్మట అది తఱచుగ "డౌన్" అగుచుండెను. కుర్రవాడు వచ్చుట, బల్లక్రింద దూరుట, కొంతసేపటికి చెమటతో వెలువడి "సర్వర్ డౌన్ అయిందండి బాబాయ్‌గారూ, ఎక్కించేశాను" అనుట, వచ్చినందుకు రుసుము పుచ్చుకొనుట జరుగుచుండెను. నేను ఒక మధ్యాహ్నము అచ్చటనే కూర్చుండి ప్రత్యక్షప్రమాణమును ఆశ్రయించితిని. చీరలు మడతపెట్టు అబ్బాయి భోంచేసి వచ్చి, బల్లక్రిందికి వంగి, ఒక ప్లగ్గును ఊడబెఱికి, ఆ స్థానమున తన సెల్‌ఫోను చార్జరును ప్రతిష్ఠించెను. తోడనే కౌంటర్ల మీది తెరలన్నియు ఒక్కసారి స్తంభించెను. నాటి సాయంకాలమే ఆ బల్లపై ఎఱ్ఱసిరాతో తెలుగున చీటి అంటింపబడెను. అబ్బాయికి వేఱొక ప్లగ్గు పాయింటు మంజూరయ్యెను. ఆ రోగము పేరు నెట్‌వర్కు గ్రంథములలో లేదు. కాని దానికి చెల్లించిన రుసుములు మాత్రము బావగారి చిట్టాలో నున్నవి.

అయితే "సర్వర్ డౌన్" అనునది ఎల్లప్పుడును అబద్ధమని నా వాదము కాదు. ఆ ఒక్క మాటక్రింద నాలుగైదు వేర్వేరు రోగములు తలదాచుకొనుచున్నవని మాత్రమే చెప్పుచున్నాను. వీధిలో కేబులు తెగియుండవచ్చును. దుకాణములోని రూటరు ఉడికిపోయి యుండవచ్చును. పేరును అంకెగ మార్చు వ్యవస్థ పలుకకుండవచ్చును. దూరముననున్న సర్వరు క్షేమముగనే యుండి, జి.ఎస్.టి. రిటర్నులకు తుదిదినము వచ్చుటచే దేశమందలి వర్తకులందఱును ఒక్కమారు పైబడగా ఉక్కిరిబిక్కిరియై యుండవచ్చును. వీనిని వేఱుచేయుటకు పింగ్ అను చిన్న సాధనము కలదు. దీనిని 1983 డిసెంబరులో అమెరికా సైన్యమునకు చెందిన ప్రయోగశాలలో మైక్ మూస్ అను నాతడు రచించి, సముద్రములో జలాంతర్గాములను వెదకుటకు వెలువరించు ధ్వనిని బట్టి దానికి ఆ పేరు పెట్టెను. కంప్యూటరును పేరుపెట్టి పిలిచి, అది పలుకుటకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టినదో చూచుటయే దీని పని. మొదట మన రూటరును పిలువవలెను. అది పలికినచో దుకాణములోని తీగలు సురక్షితములు. పిదప ఊరివెలుపలి యంత్రమును దాని అంకెలతో పిలువవలెను. పలికినచో కేబులు తెగలేదు. తరువాత పేరుతో పిలువవలెను. అంకెలకు పలికి పేరునకు పలుకనిచో దోషము పేర్ల వ్యవస్థది. ఇవన్నియు పలికి, మనకు కావలసిన సర్వరు మాత్రము మౌనము వహించినచో, అప్పుడు, అప్పుడు మాత్రమే, అద్దపు కిటికీ వెనుకనున్న మహాశయుని వాక్యమును ఆప్తవాక్యముగ గ్రహింపవచ్చును. అదియు సంపూర్ణముగ గాదు, ఏలయన పింగునకు బదులీయవలదని కొన్ని సర్వర్లకు వాని యజమానులే ఆన పెట్టియుందురు. నేనింత వివరించిన పిమ్మట బావగారు చాలసేపు ఆలోచించి, "ఇది మన బాకీదార్ల మీద పనిచేస్తుందా?" అని యడిగిరి.

పేర్ల వ్యవస్థ అంటిని గనుక దాని మాట కొంత చెప్పవలెను. కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతో గుర్తించును. మనుష్యులకు అంకెలు నిలువవు. ఆర్పానెట్టు నాళ్లలో ఏ పేరునకు ఏ అంకెయో తెలుపు పట్టిక ఒక్కటే యుండెడిది. కాలిఫోర్నియాలోని మెన్లో పార్కున స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి ఆధ్వర్యమున ఆ పట్టికను దిద్దుచుండెడివారు. క్రొత్త యంత్రమును చేర్చవలెనన్నచో ఆ కార్యాలయమునకు విన్నవించుకొనవలసియుండెను. యంత్రములు పెరుగగా ఆ పద్ధతి సాగకపోయెను. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డి.ఎన్.ఎస్. ఆ భారమును లోకమంతటికి పంచిపెట్టెను. వర్తకునకు ఇందు తెలియవలసిన రహస్యము వేఱు. డొమైను పేరును ఎవరును శాశ్వతముగ కొనరు, కౌలునకు పుచ్చుకొందురు. ఆ కౌలు పదేండ్లకు మించదు. గడువు తీఱకముందే తిరిగి కట్టనిచో కొంతకాలమునకు ఆ పేరు బజారున పడును. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న, ఆ కౌలుకాగితము ఎవరి పేరున నున్నదని. నేనీ ప్రశ్న వేయగా బావగారు తెల్లబోయిరి. విచారింపగా, దుకాణము పేరుతో నున్న ఆ డొమైను, మునుపెప్పుడో వెబ్‌సైటు చేసిపెట్టి బెంగుళూరు వెడలిపోయిన వేఱొక కుర్రవాని పేరున నమోదైయున్నది. అక్కయ్య పేరున ఇల్లు, బావగారి పేరున దుకాణము, తాతలనాటి పొలము అన్నదమ్ములందఱి పేరునను ఉండగా, మూడుతరముల వ్యాపారనామము మాత్రము ముఖమైనను గుర్తులేని ఒక బ్రహ్మచారి పేరున నుండెను. దానిని తిరిగి రాబట్టుటకు జరిగిన సంప్రదింపులు పెండ్లిచూపులకంటె సున్నితముగ నడచినవి. కుర్రవాడు మంచివాడగుటచే ఒక పట్టుపంచెతో వ్యవహారము ముగిసెను.

వైఫై విషయమున బావగారికంటె వాస్తు సిద్ధాంతిగారు ఎక్కువ శ్రద్ధ వహించిరి. రూటరు ద్వారా ధనము రాకపోకలు సాగించును గనుక దానిని కుబేరస్థానమగు ఉత్తరదిశను నెలకొల్పవలెనని వారు సెలవిచ్చిరి. ఆ దిశనే ఇనుపపెట్టెయు నున్నది. రూటరును ఇనుపపెట్టె వెనుక మూలను నిలిపి, కుంకుమబొట్టు పెట్టి, దాని రెండు కొమ్ములకు శుక్రవారము శుక్రవారము పూలు తుఱిమెడివారు. రేడియో తరంగములు ఇనుమును చొచ్చిపోజాలవను సంగతి కుబేరునకు తెలియునో తెలియదో గాని, ఆ రూటరు సంకేతము దుకాణమునందు కంటె వెనుకసందులోని టీబడ్డీయందు దివ్యముగ నందుచుండెను. అందుచేతనే కాబోలు ఆ బడ్డీకి కాలేజీ విద్యార్థుల గిరాకి హెచ్చెను. ఇక వైఫై గుర్తు నిండుగ నున్నను నెట్టు రాదేమని యడుగువారు ప్రతియింటను కలరు. ఆ గుర్తు రూటరు ఎంత చేరువనున్నదో మాత్రమే చెప్పును; రూటరు వెనుక తీగ తెగియున్నను అది నిండుగనే నవ్వుచుండును. రూటరు మన దుకాణమునకును లోకమునకును నడుమ దారి నిర్ణయించునది. స్విచ్చి దుకాణములోని యంత్రములను ఒకదానితో నొకటి కలుపునది. గోడమీది ఫైబరు పెట్టె వెలుతురును విద్యుత్సంకేతముగ మార్చునది. మూడింటికిని దీపములు పచ్చగనే వెలుగును గనుక మూడును ఒకటియే యని భ్రమపడుట సహజము.

నాకు మిక్కిలి ఆనందము కలిగించిన ఘట్టము వేగమునకు సంబంధించినది. బావగారు 100 ఎం.బి.పి.ఎస్. పథకమునకు నెలనెల సొమ్ము కట్టుచుండిరి. క్రొత్త చీరల ఫొటోలు, వీడియోలు కలిసి 100 మెగాబైట్లున్నచో ఒక్క సెకనులో దిగవలెనని వారి లెక్క. ఎన్నడును దిగలేదు. కారణమేమన, పథకములోని 'బి' బిట్టు. ఫైలు కొలతలోని 'బి' బైటు. 8 బిట్లు కూడిన ఒక బైటు. కావున 100 మెగాబిట్లనగా సెకనునకు పండ్రెండున్నర మెగాబైట్లు మాత్రమే. దారిఖర్చులు పోగా అంతకంటెను కొంత తక్కువ. ఈ మాట చెప్పగానే బావగారి ముఖము జేవురించెను. గజమునకును మీటరునకును మూడంగుళములకు పైగా తేడా యున్నదనియు, గజముచొప్పున కొలిచి మీటరుచొప్పున ధర వేయు దళారులను తాను ఎట్లు పట్టుకొనెడివాడో గంటసేపు వర్ణించి, అట్టి తనను ఎనిమిదవవంతు కొలబద్దతో కొలిచి పంపుచున్నారని వాపోయిరి. కంపెనీవారు మోసము చేయలేదు, బిట్లనియే వ్రాసియున్నారని నేను నచ్చజెప్పితిని. అంతట ప్రకటన కాగితమును తెప్పించి, భూతద్దము పెట్టి చదివి, 100 ప్రక్కన మఱియొక చిన్నమాట నున్నట్లు కనుగొనిరి. 'వరకు' అను ఆ మాటను చూచి వారు కోపగించుకొనలేదు. ఆషాఢమాసమున తమ దుకాణము ముంగిట కట్టు బ్యానరుపై 50 శాతము అను పెద్ద అంకెల ప్రక్కన తామే వ్రాయించు మాట అది. ఒక ఘనుడు మఱియొక ఘనుని పనితనమును గుర్తించినట్లు తలపంకించి, కాగితమును మడిచి జేబులో పెట్టుకొనిరి.

తీగలో ఒక్కమారు పట్టు సమాచారపు వెడల్పు వేఱు, అది పోయివచ్చుటకు పట్టు జాగు వేఱు అని కూడ ఈ సందర్భముననే చెప్పితిని. ఎంత ఎక్కువ ధర పథకము కట్టినను జాగు కొంతమేరకే తగ్గును. గాజుతీగలో వెలుతురు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. అమెరికాలోని యంత్రము పదునాలుగువేల కిలోమీటర్ల దూరమున నున్నదనుకొన్నచో పోయివచ్చుటకే నూటనలుబది మిల్లీసెకన్లు పట్టును. కేబుళ్లు సముద్రగర్భమున వంకరలు తిరిగిపోవుటచే ఇంకను ఎక్కువ. బేరమాడి తగ్గింపరానిది ఈ లోకమున ఒకటియున్నదని విని బావగారు కొంచెము నొచ్చుకొనిరి.

ఐ.పి. చిరునామా మూలమున ఒక చిన్న యుద్ధము జరిగెను. కుర్రవాడు రూటరును సరిచేయుచు 192.168.1.1 అను అంకెను కొట్టగా బావగారు చూచి, అది తమ దుకాణపు అంతర్జాతీయ సంఖ్య యని భావించి, కంఠస్థము చేసి, విజిటింగు కార్డుపై అచ్చువేయించుటకు ఆజ్ఞ యిచ్చిరి. ఇంతలో ప్రక్కనున్న రెడీమేడ్ దుకాణము యజమాని వచ్చి, అది తన సంఖ్య యని, కావలసినచో తన రూటరు వెనుక అంటించిన కాగితమును చూచుకొండని పేచీ పెట్టెను. ఇరువురును వాదించుకొని, పెద్దమనుష్యుల వఱకు పోవలెనని కండువాలు దులుపుకొనుచుండగా నేను అడ్డుపడితిని. 1981లో ఈ చిరునామాల పద్ధతిని స్థిరపరచినపుడు ఒక్కొక్కదానికి 32 బిట్లు కేటాయించిరి. దానివలన మొత్తము సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే లభించును. అప్పటి ప్రపంచమునకు అది అక్షయపాత్ర. తరువాత ప్రతివాని జేబులోను ఒక కంప్యూటరు చేరగా, 2011 ఫిబ్రవరిలో కేంద్రభాండారము అడుగంటెను. ఇట్టి కఱవు రానున్నదని ముందే గ్రహించి, కొన్ని అంకెలను ఎవరికిని సొంతము గాకుండ, ఎవరి యింట వారు వాడుకొనవచ్చునని 1990లలోనే విడిచిపెట్టిరి, 192.168తో మొదలగునవి అట్టివి. తాడితోటలో ప్రతి దుకాణమునను గల్లా యున్నది. "గల్లాలో పెట్టు" అని యజమాని చెప్పినపుడు ఏ గుమాస్తాయు ప్రక్కదుకాణపు గల్లాలో పెట్టడు గదా, ఈ అంకెయు నట్టిదే యని చెప్పగా ఇరువురును శాంతించిరి. వెలుపలి లోకము చూచు అంకె వేఱు. అదియు నేడొకటి రేపొకటిగ మాఱుచు, పలు సందర్భములలో ఎందఱికో ఉమ్మడిగ నుండును. ఇంటినుండి దుకాణపు కెమేరాలను చూచుటకు కొన్ని పద్ధతులలో మాఱని అంకె కావలసివచ్చును. బిల్లులోని స్టాటిక్ ఐ.పి. పద్దు అదియే. బావగారి కెమేరాలు తయారీదారుని యాప్ ద్వారా పనిచేయునవి గనుక వారికి అది అక్కఱలేదు. ఆ పద్దు కొట్టివేయబడెను. ఈ కఱవు తీర్చుటకు వచ్చిన ఐ.పి.వి.6లో చిరునామాల సంఖ్య ముప్పదితొమ్మిది అంకెల పొడవుండును. దానిని విజిటింగు కార్డుపై అచ్చువేయించు ఆలోచనను బావగారు తమంతటతామే విరమించుకొనిరి.

క్లౌడు అనగా మఱియొకరి కంప్యూటరును అద్దెకు పుచ్చుకొనుట. 2006లో అమెజాన్ కంపెనీ తన యంత్రములలో చోటును, పనిచేయు శక్తిని వాడుకొన్నంతమేరకు అద్దెకిచ్చుటతో ఈ వ్యాపారము ఊపందుకొన్నది; మన దేశమున అదే కంపెనీ 2016లో ముంబయియందును, 2022లో హైదరాబాదునందును ఇట్టి కేంద్రములను తెఱచెను. అంతరిక్షమున ఎచ్చటనో యున్నవని బావగారు భయపడిన జమాఖర్చులు హైదరాబాదు పొలిమేరలలో, ఏర్ కండిషను గదులలో, వారికంటె సుఖముగ నుండవచ్చునని తెలిసి అక్కయ్య నిట్టూర్చెను. ఇచ్చట అడుగవలసినది ఒకటే: అద్దె మానినచో నా లెక్కలు నాకు ఏ రూపమున, ఎన్నినాళ్లలో తిరిగివచ్చును? ఈ ప్రశ్నకు కుర్రవాడు మొదటిసారి ఫోను తీసి వేఱొకరినడుగవలసి వచ్చెను.

బ్యాకప్పు సంగతి విచారకరము. ప్రతిరాత్రి లెక్కలన్నియు పెన్‌డ్రైవునకు ఎక్కించి, ఆ పెన్‌డ్రైవును సర్వరునకే తగిలించి యుంచుచుండిరి. తాళపుచెవిని తాళమునందే యుంచి, రెండును భద్రముగ నున్నవనుకొనుట ఇది. 2017 మే నెలలో వానాక్రై అను దుష్టప్రోగ్రాము ప్రపంచమున లక్షలాది కంప్యూటర్లలో దూరి, ఫైళ్లను తాళము వేసి, విడుదలకు వెల యడిగినపుడు, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని యంత్రములును దాని వాతబడెను. దానికి విరుగుడు మార్చినెలలోనే మైక్రోసాఫ్ట్ విడుదల చేసియుండెను, "అప్‌డేట్ చేయుదునా?" అని యంత్రము వినయముగ నడుగుచుండగా, "తరువాత" అను మీటను నొక్కినవారే బాధితులలో ననేకులు. అట్టి దొంగ తగిలించియున్న పెన్‌డ్రైవును విడిచిపెట్టునా? ఒక ప్రతి యంత్రముననుండక, దుకాణముననుండక, వేఱొకచోట నుండవలెను. ఇప్పుడు అది అక్కయ్య బీరువాలో, పట్టుచీరల మడతల మధ్య నున్నది. ఆ బీరువా వంక చూచు సాహసము ఏ వైరసునకును లేదు.

ఇక సంకేతపదములు. బావగారి సంకేతపదము గోడకు వ్రేలాడు క్యాలెండరుపై, పాలవాని లెక్క ప్రక్కన, పెద్ద అక్షరములతో నుండెను. దీనిని నేను తీవ్రముగ ఖండింపబోయి, ఈ విద్యకు గల పూర్వచరిత్రను చదివి కొంత మెత్తబడితిని. కంప్యూటరునకు సంకేతపదమును పెట్టు ఆచారము 1960ల ఆరంభమున ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయమున ఫెర్నాండో కోర్బాతో అను నాతడు నడపిన వ్యవస్థతో వ్యాప్తికి వచ్చెను. 1962లోనే అచ్చటి పరిశోధక విద్యార్థి యొకడు తనకిచ్చిన యంత్రకాలము చాలక, సంకేతపదముల పట్టిక నంతయు అచ్చువేయించుకొని, ఇతరుల వాటాను వాడుకొనెను. పెద్దక్షరము, చిన్నక్షరము, అంకె, నక్షత్రము కలిపి, మూడునెలలకొకమారు మార్చవలెనను నియమమును 2003లో అమెరికా ప్రమాణముల సంస్థ తరపున వ్రాసిన బిల్ బర్ర్ అను పెద్దమనిషి, తాను చెప్పినదానిలో చాలభాగమునకు చింతించుచున్నానని 2017లో బహిరంగముగ ఒప్పుకొనెను. ఆ సంస్థయు అదే యేట, ఊరక మార్పించుచుండవలదు, పొడవుగ నుండిన చాలునని సవరించుకొనెను. లోకమంతటను పదునాలుగేండ్లు మతిమఱుపు పెరుగుటకు కారణమైన నియమము ఇట్లు ముగిసినను, ఆ వార్త పలు కార్యాలయములకు ఇంకను చేరలేదు. బావగారు మాత్రము చేరిన తోడనే అమలుపఱచిరి. ఇప్పుడు వారి సంకేతపదము ఇంటివారి నలుగురి పేర్లు కలిసిన పొడవైన మాట. అందు అత్తగారి పేరును చేర్చుటచే ఎవరును ఊహింపజాలరని వారి ధైర్యము.

ఓ.టి.పి.ని గూర్చి చెప్పకుండుట ద్రోహము. సంకేతపదము మనకు తెలిసిన వస్తువు. ఫోను మనవద్దనున్న వస్తువు. రెండును కలిసిననే తలుపు తెఱచుట దీని తత్త్వము, అది మంచి తత్త్వమే. కాని దుకాణపు ఖాతాలన్నియు తెఱచిన కాలమున బావగారి కొడుకు ఇంజనీరింగు చదువుచుండెను, వానికి చేతనగునని ఫోను నంబరు వానిదే యిచ్చిరి. వాడిప్పుడు డాలస్ నగరమున నున్నాడు; పాత నంబరును రోమింగులో నుంచుకొన్నాడు. బావగారు పగలు రెండుగంటలకు మీట నొక్కగా, అచ్చట తెల్లవారుజామున మూడున్నరకు వాని తలగడక్రింద ఫోను మ్రోగును. పది నిమిషములలో అంకెలు చెప్పవలెను.

"లేరా నాయనా, ఆరంకెలు చెప్పి పడుకో."

"నాన్నగారూ, ఇక్కడ రాత్రండీ."

"అక్కడ రాత్రయితే అంకెలు కనపడవా?"

వాడు నిద్రమత్తులో నిన్నటి అంకెలు చదువును. ఇవి తప్పని యంత్రము చెప్పును. బావగారు తిరిగి మీట నొక్కుదురు. మూడుమార్లు తప్పినపిమ్మట ఖాతా మూతపడును. అదే యేదైన ఆఫీసు కిటికీవద్ద జరిగినచో దీనికిని సర్వర్ డౌననియే పేరు పెట్టెడివారు. నంబరు మార్చుటకు దరఖాస్తు చేసికొనవలెనని నేను చెప్పితిని. దానికి పాత నంబరునకు ఓ.టి.పి. వచ్చును. అది యింకను జరుగలేదు, వానికి నిద్ర చాలిన దినము కొఱకు అందఱమును నిరీక్షించుచున్నాము.

ఇట్లు కొంత జ్ఞానము కుదిరినపిమ్మట ఏ.ఎం.సి. అను వార్షిక నిర్వహణ ఒప్పందమును తిరుగవ్రాయు సమయము వచ్చెను. కుర్రవాడు యథాప్రకారము బిల్లు తెచ్చి బల్లపై పెట్టి, సంతకముకొఱకు కలము కూడ తానే యందించెను. బావగారు కలమును పుచ్చుకొనక కళ్లజోడును పుచ్చుకొనిరి. ఫైర్‌వాలనుచున్నావు, అది వేఱొక పెట్టెయా, రూటరులో నున్నదేనా యని అడిగిరి. రూటరులోనిదే యని వాడు గొణిగెను. అయితే దానికి వేఱుగ పద్దేమనిరి. హోస్టింగు ఎచ్చట, బ్యాకప్పు ఎన్నడు తిరిగి పోసి చూచితివి, పింగునకు ఎంత పలుకుచున్నదని వరుసగ నడుగుచుండగా, ఆ కుర్రవాని ముఖమున మొదట ఆశ్చర్యము, తరువాత విచారము, చివరకు, చిత్రమేమన, ఒక విధమగు సంతోషము పొడచూపెను. ఇన్నాళ్లకు తన పని యేమిటో అడిగినవా రొకరు దొరకిరని కాబోలు. అడుగనివాటిని గూడ తానే చెప్పి, ఒకటి రెండు పద్దులు తన చేతితోనే కొట్టివేసెను. నేను వానిని దొంగయని ఎన్నడును అనుకొనలేదు. వాని మాట వినువా రుండిరి గాని, తిరిగి ప్రశ్నించువారు లేకుండిరి.

బిల్లు తేలినపిమ్మట వాడు వెంటనే పోక, శ్రావణములో అక్క పెండ్లి యున్నదని చెప్పి, చీరలవైపు తిరిగెను. ఆషాఢమగుటచే ముంగిట బ్యానరు రెపరెపలాడుచుండెను. ఉప్పాడ చీరలు రెండును, అమ్మకొక నేతచీరయు నేరి, చీటి చేతికందగానే వాడు కనుబొమలెత్తెను.

"బాబాయ్‌గారూ, బయట 50 శాతం అని ఉందండి. ఇక్కడ పదే కొట్టారేంటండి?"

బావగారు జేబులోని ప్రకటన కాగితమును విప్పి బల్లపై పఱచి, ఒక వ్రేలును దానిమీది చిన్నమాటపైనను, మఱియొక వ్రేలును బ్యానరువైపునకును చూపి, "వరకు అని ఉంది చూడు బాబూ" అనిరి.

వాడు రెండింటిని తేఱిపాఱజూచి, ఏమాత్రము తొట్రుపడక, "అలాగే కానివ్వండి. అయితే ఆ పది బిట్లలో పట్టారా, బైట్లలో పట్టారా అండి?" అనెను.

బావగారు కాలిక్యులేటరును దగ్గఱకు లాగుకొని, పదిని ఎనిమిదిచేత గుణించి, వచ్చిన మొత్తమును చూచి బిగ్గరగ నవ్వి, చీటిని చింపి, పదునైదు శాతముచేసి మఱియొకటి వ్రాసియిచ్చిరి.